గ్లాసు నీళ్ళతో ప్రార్థన

ప్రిసిల్లమ్మకు అనుమానం ఉద్యోగంతో వచ్చింది. ఉద్యోగం అయిపోయింది గానీ అనుమానం మాత్రం రిటైర్ కాలేదు. సికింద్రాబాద్ స్టేషన్‌లో టీసీగా నల్లకోటు తొడుక్కున్నప్పుడు పెళ్ళి కూడా కాని పిల్ల. కోటు విప్పేనాటికి జుట్టు తెల్లబడింది, మొగుడు పోయాడు, మోకాళ్ళు అరిగాయి. మధ్యలో ఎన్ని లక్షల మందిని చూసిందో ఆ దేవుడికే తెలియాలి. ఇప్పుడు నేరేడ్‌మెట్‌లో తమ్ముడి ఇంటి మేడ మీద ఒక గది వేసుకుని ఉంటోంది, తిండి మాత్రం కింద వాళ్ళతోనే. పాల ప్యాకెట్ మీద తారీఖు కళ్ళజోడు పెట్టుకుని చదవందే గిన్నెలో పోయదు. గ్యాస్ బండ తూకం వేయించందే గడప దాటనివ్వదు. గేటు దగ్గర ఎవరైనా నిలబడి ఫోన్ మాట్లాడారో, "ఎవరు కావాలె బాబూ?" అని పైనుంచి కేక. ఆ బాబు అక్కడినుంచి పారిపోవడమే గానీ ఆమెకు జవాబు చెప్పి నెగ్గలేడు.

"అక్కా, రేపు పరలోకంల ప్రభువు కనబడ్డా, ఆ చేతుల గాయాలు అసలువేనా అని అడుగుతవు నువ్వు" అని తమ్ముడు పేతురు నవ్వేవాడు.

"అడుగుత. శిష్యుడు తోమా అడిగితే తప్పు లేదు గానీ నేనడిగితే తప్పా?" అనేది ఈమె.

ఉద్యోగంలో ఆమెకు ఒక పద్ధతి ఉండేది. బోగీలోకి ఎక్కగానే మొహాలు చూడదు, చేతులు చూస్తుంది. టికెట్ ఉన్నవాడి చెయ్యి అడగకముందే జేబులోకి పోతుంది. లేనివాడికి చెయ్యి కదలదు, నోరు కదులుతుంది. "మేడం, మా మామ ఇదే రైల్వేల, ఆ కౌంటర్ల లైన్ ఎంతుందో మీరే చూసిండ్రు గదా" అని మొదలుపెట్టాడంటే వాడి దగ్గర టికెట్ లేదన్నమాటే. ఇంకొకటి కూడా చెప్పుకోవాలి. ఎవణ్ణీ ఆమె పదిమందిలో పట్టుకుని పరువు తియ్యలేదు. తలుపు దగ్గరికి పిలిచి, గొంతు తగ్గించి అడిగేది. అనుమానం ఎంత ఉన్నా ఆ మర్యాద ఒకటి ఆమెకు ఉండేది.

అలాంటి మనిషి కళ్ళు సొంత తమ్ముడి మీద పడితే ఇంకేముంది!

పేతురు తిరుమలగిరిలో ఒక బళ్ళో గుమాస్తా. కుర్రతనంలో తాగి తాగి ఇల్లు గుల్ల చేశాడు. బాప్తిస్మం తీసుకున్న నాటినుంచి సీసా ముట్టలేదు. పిల్లలు లేరు. పెళ్ళాం దేవకృప నెమ్మదస్తురాలు, ఇంట్లో ఉన్నదో లేదో కూడా తెలియదు. మూడేళ్ళ కిందట పేతురుకు గుండె దడ పట్టుకుంది. ఉన్నట్టుండి కొట్టుకోవడం, లయ తప్పడం, చెమటలు. డాక్టర్లు బిళ్ళలు రాశారు. గుళ్ళో అందరూ ఉపవాసముండి ప్రార్థన చేశారు. దడ తగ్గింది. తగ్గగానే మనవాడు ఆదివారం ఆరాధనలో లేచి నిలబడ్డాడు. "ప్రభువు నన్ను ముట్టిండు, నాకింక మందులతో పని లేదు" అని బిళ్ళల సంచి తెచ్చి పాస్టరుగారి ముందు బల్ల మీద పెట్టాడు. చప్పట్లే చప్పట్లు. డోరమ్మ అనే ముసలావిడైతే కన్నీళ్ళు పెట్టుకుని "హల్లెలూయా" అని గుడి అదిరేలా అరిచింది. ఆనాటినుంచి అతని పేరే సాక్ష్యం పేతురు అయిపోయింది. ఏటేటా ఆ సాక్ష్యం మళ్ళీ చెప్పించేవారు. ఒంట్లో బాగాలేని వాళ్ళను తెచ్చి అతని ముందు కూర్చోబెట్టేవారు.

ప్రిసిల్లమ్మ ఆ రోజు వెనక బెంచీలో కూర్చుని ఉంది. అక్కడైతే అందరి వీపులూ కనబడతాయని ఆమె చోటు అదే. "ఇంత జల్ది తగ్గుతదా?" అని లోపల ఒక పురుగు తొలిచింది. కానీ తమ్ముడి మొహంలో ఆ సంతోషం చూసి నోరు మూసుకుంది.

తర్వాత కొన్నాళ్ళకు గ్లాసు కనబడింది.

పొద్దున ఫలహారం కాగానే, రాత్రి భోజనం కాగానే, పేతురు "ప్రార్థన చేసుకొస్త" అని లేస్తాడు. లేచి ఊరికే పోడు. గ్లాసు నిండా నీళ్ళు పట్టుకుని పోతాడు. తలుపు వేసుకుంటాడు. ఇటు ప్రిసిల్లమ్మ ప్లేటు కడిగేలోపు ఖాళీ గ్లాసుతో బయటికొస్తాడు. ఏందీ ప్రార్థన? నీళ్ళతో ఏం పని? ఇంత తొందరగా ఆమెన్ అయ్యే ప్రార్థన ఆమె జన్మలో చూడలేదు. అయ్యో నా తండ్రీ, మళ్ళీ తాగుడు షురూ చేసిండు వీడు, అనుకుంది.

అనుకున్నాక ఊరుకుంటుందా! గ్లాసు వాసన చూసింది. ఏమీ రాలేదు. వాసన రాని మందు కూడా ఉంటుందని ఎవరో చెప్పగా విన్నది, కనుక వాసన లేకపోవడమే రుజువనుకుంది. వాళ్ళు లేనప్పుడు బీరువా వెనక చెయ్యి పెట్టి తడిమింది. ఏమీ దొరకలేదు. ఎంత గట్టిగా దాచాడో అనుకుంది. అదీగాక అతని చేతుల మీద ఎప్పుడు చూసినా నల్లటి కమిలిన మచ్చలు. అడిగితే "గేటు తగిలింది" అంటాడు, ఇంకోసారి "స్కూటర్ తగిలింది" అంటాడు. గేటూ స్కూటరూ పగబట్టినట్టు ఈయనకే తగులుతాయా? తూలి పడుతున్నాడన్నమాట! పళ్ళు తోముకుంటే ఉమ్ములో ఎర్రగా పడటం కూడా ఒకసారి చూసింది. లివర్ పాడైంది, అయిపోయింది, అనుకుని ఆ రాత్రి ఏడ్చింది.

ఒకరోజు దేవకృపను నిలదీసింది. "కృపా, నీ మొగుడు మళ్ళా మొదలుపెట్టినట్టుంది."

"లేదు వదినా, లేదు లేదు. అసొంటిదేం లేదు. మీరు ఊకే పరేషాన్ అయితున్నరు. ఆయన మంచిగనే ఉన్నడు, ప్రభువు దయ, ఏం లేదు వదినా."

నెమ్మదస్తురాలు అన్ని మాటలు మాట్లాడిందంటే ఏదో ఉంది. ఇద్దరూ కలిసి తన కళ్ళల్లో కారం కొడుతున్నారని ప్రిసిల్లమ్మ ఖాయం చేసుకుంది. ఆ కోపంతో తమ్ముడితో మాటలు తగ్గించింది. పిలిస్తే ఊఁ, అడిగితే ఆఁ, అంతే. అదే ఆమెను తర్వాత కోసింది.

ఆ ఆదివారం ఆరాధన అయ్యాక గుడి ఆవరణలో అందరూ చాయ్ తాగుతున్నారు. పేతురు కుడిచేతిలోంచి కప్పు జారింది. వంగి తీసుకోబోయి అట్లాగే కూలబడ్డాడు. మూతి ఒక పక్కకు పోయింది. ప్రిసిల్లమ్మ ఉరికి తల ఒళ్ళో పెట్టుకుంటే "అ... అ..." అన్నాడు, "అక్కా" అనడానికి నోరు తిరగలేదు. ఎవరి కారో తీశారు, దగ్గర్లో ఉన్న ఆసుపత్రికి అరగంట లోపలే చేర్చారు.

అత్యవసర విభాగంలో ఉన్న డాక్టర్ నవత చిన్న పిల్ల, గట్టిగా చూస్తే ముప్పయ్యేళ్ళుంటాయి. స్కాన్ తీయించి బయటికొచ్చి చెప్పింది. "మెదడులో రక్తనాళం చిట్లిందమ్మా. లోపల రక్తం చేరింది. ఇప్పుడున్న గడ్డ చిన్నదే. అది పెరగకుండా ఆపడమే మా పని. పెరిగితే మాత్రం మనిషి దక్కడం కష్టం."

"టైముకు తెచ్చినం గద డాక్టరమ్మా?" అన్నది ప్రిసిల్లమ్మ.

"తెచ్చారు, చాలా మంచిపని చేశారు. కానీ ఇంత తొందరగా వచ్చినవాళ్ళలో రక్తం ఇంకా కారుతూనే ఉండొచ్చు. మొదటి కొన్ని గంటలే గండం. ఆయన బీపీ రెండు వందలు దాటి ఉంది, దాన్ని దించుతున్నాం. సాయంత్రం మళ్ళీ ఒక స్కాన్ తీస్తాం."

మళ్ళీ స్కానా? ప్రిసిల్లమ్మ కనుబొమలు పైకి లేచాయి. ఇప్పుడే తీశారు గదా, అంతలో మళ్ళీ ఎందుకు? ఎవరి మేలు కోసం? అడగబోయింది గానీ డాక్టరు ప్రశ్నలు మొదలుపెట్టింది. "మందు అలవాటు ఉందా? తాగుతారా?"

కారిడార్ నిండా గుడి వాళ్ళే. పాస్టర్ హెన్రీగారు బైబిలు పట్టుకుని నిలబడ్డారు. డోరమ్మ కుర్చీలో కూర్చుని, ఒక చేత్తో కణత నొక్కుకుంటూ గట్టిగా ప్రార్థన చేస్తోంది. ఈమె నాటకం ఒకటి మధ్యలో, అనుకుంది ప్రిసిల్లమ్మ. ఇంత మందిలో సాక్ష్యం పేతురు తాగుతాడని ఎట్లా చెప్పేది? చెప్పకపోతే తమ్ముడు పోతాడు. కళ్ళు మూసుకుని చెప్పేసింది. "తాగుతడు. దొంగతనంగ."

అందరి ప్రార్థనలూ ఆగిపోయాయి. "వదినా!" అని దేవకృప కేక పెట్టింది. "అబద్ధం డాక్టరమ్మా! ప్రభువు సాక్షిగా చుక్క ముట్టలే!"

ఆ కేకలో నిజం ఉంది. ప్రిసిల్లమ్మకు చటుక్కున తెలిసిపోయింది. ఇన్నాళ్ళూ తాను పట్టుకున్నది తప్పు దొంగతనమని అర్థమైంది.

"సరే. రక్తం పలచబడే మందులేమైనా వాడుతున్నారా? గుండెకు గానీ, దేనికి గానీ?" డాక్టరు దేవకృపను చూసి అడిగింది.

"లేదు డాక్టరమ్మా. మూడేండ్ల కింద గుండెకు జెర తక్లీఫ్ వచ్చింది గానీ, అయ్యగారు ప్రార్థన చేసిండ్రు, అందరూ ఉపవాసం ఉన్నరు, దేవుడు స్వస్థపరిచిండు, మందులన్నీ బల్ల మీద పెట్టేసినం, వీళ్ళందరూ చూసిండ్రు, కావాలంటే అడగండి..."

నోరు ఆగడం లేదు. ప్రిసిల్లమ్మ చూపు దానంతటదే కిందికి దిగింది. దేవకృప రెండు చేతులూ హ్యాండ్‌బ్యాగ్ జిప్పు మీద బిగుసుకుని ఉన్నాయి.

డాక్టర్ నవత లోపలికి పోయి కాసేపటికి మళ్ళీ వచ్చింది. ఈసారి మొహం ముడుచుకుని ఉంది. "రక్తం గడ్డకట్టే పరీక్షలో పెద్ద తేడా లేదమ్మా. కానీ స్కాన్‌లో గడ్డ మధ్యన తెల్లటి చుక్క ఒకటి కనబడుతోంది. అంటే అక్కడ ఇంకా కారుతోంది. చేతుల నిండా కమిలిన మచ్చలున్నాయి. ఇవి ఒకదానికొకటి పొంతన కుదరడం లేదు, నాకు అనుమానంగా ఉంది. ఈమధ్య వచ్చిన కొన్ని బిళ్ళలు ఈ మామూలు పరీక్షలో సరిగా దొరకవు. ఏ బిళ్ళో తెలిస్తే దానికి తగ్గ విరుగుడు ఇవ్వొచ్చు. తెలియకుండా ఏదిపడితే అది ఇవ్వలేను. బాగా గుర్తు చేసుకోండి. పొద్దునా రాత్రీ వేసుకునే బిళ్ళ ఏదైనా ఉందా?"

అనుమానంలో ఈ పిల్ల నా జాతే, అనుకుంది ప్రిసిల్లమ్మ. మొదటిసారి ఆ డాక్టరు మీద నమ్మకం కలిగింది. మరుక్షణం తట్టింది. పొద్దునా, రాత్రీ. గ్లాసు నిండా నీళ్ళు.

దేవకృప రెక్క పట్టుకుని, జనంలోంచి తప్పించి, మూలనున్న వాటర్ ఫిల్టర్ దగ్గరికి తీసుకుపోయింది. బోగీ తలుపు దగ్గర అడిగినట్టే గొంతు తగ్గించి అడిగింది.

"కృపా, ఆ గ్లాసుల ఉన్నయి నీళ్ళేనా?"

"నీళ్ళే వదినా."

"నీళ్ళు దేనికి?"

దేవకృప చెయ్యి జిప్పు తీసింది. సంచీ అడుగున, రుమాల్లో చుట్టి, సగం అయిపోయిన బిళ్ళల అట్ట.

"సాక్ష్యం చెప్పిన వారానికే మళ్ళా దడ వచ్చింది వదినా. దొంగచాటుగ డాక్టర్ దగ్గరికి పోయిండు. ఇవి మానితే గుండెల రక్తం గడ్డకట్టి ప్రాణం మీదికొస్తదని చెప్పిండ్రు. అందరి ముందర అట్ల చెప్పిన నోటితోని ఇప్పుడెట్ల చెప్తనని ఏడ్సిండు. నాతోని ఒట్టు పెట్టించుకున్నడు. మీకు సుత చెప్పొద్దన్నడు. ఇప్పుడు చెప్తే ఆయన పరువు..."

"పరువా? ఆడు బతికితే గద పరువు!" అన్నది ప్రిసిల్లమ్మ. అట్ట లాక్కుని తానే ఉరకబోయింది. దేవకృప ఇవ్వలేదు. కళ్ళు తుడుచుకుంది. జనం మధ్యలోంచి నడిచి పోయి, పాస్టరుగారు చూస్తుండగా, డోరమ్మ చూస్తుండగా, అట్ట ఎత్తి డాక్టరుకు చూపించింది.

"ఇది. రోజుకు రెండుసార్లు. ఇయ్యాల పొద్దున గుడికి వచ్చేముందర సుత వేసుకున్నడు. నేనే ఇచ్చిన." ఈసారి ఒక్క మాట కూడా ఎక్కువ లేదు.

డాక్టర్ నవత పేరు చదివి, "దీనికి విరుగుడు ఉంది" అని చెప్పి లోపలికి పరుగెత్తింది.

సాయంత్రం దాకా ప్రిసిల్లమ్మ బెంచీ మీద కూర్చుని తనను తాను తిట్టుకుంది. ఏనాడో పట్టుకోవాల్సింది! గ్లాసు వాసన చూసింది గానీ, నీళ్ళు దేనికిరా తమ్ముడూ అని ఒక్కసారి తలుపు దగ్గరికి పిలిచి అడగలేదే! రైల్లో ముక్కూ మొహం తెలియని వాళ్ళకిచ్చిన మర్యాద సొంత తమ్ముడికి ఇవ్వలేకపోయింది. సిగ్గేసింది, ఏడుపొచ్చింది. హెన్రీగారు పక్కన వచ్చి కూర్చున్నారు.

"నేను ఏనాడూ మందులు మానమని చెప్పలేదమ్మా" అన్నారు మెల్లగా.

"చెప్పలేదయ్యగారూ. చప్పట్లు కొట్టినం. మీరు కొట్టిండ్రు, నేను సుత కొట్టిన."

రెండో స్కాన్ అయింది. గడ్డ కొంచెం పెరిగి ఆగిపోయిందని నవత చెప్పింది. "ఆగిందని ఎట్ల చెప్తరు?" అని ప్రిసిల్లమ్మ రెండు స్కాన్‌లూ పక్కపక్కన పెట్టించుకుని చూసింది. తెల్లచుక్క రెండోదాంట్లో లేదు. వేలు పెట్టి చూపించి మరీ ఖాయం చేసుకున్నాక, ఆ చిన్నపిల్ల రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకుంది.

కొన్నాళ్ళకు పేతురు ఇంటికొచ్చాడు. కుడిచెయ్యి స్వాధీనంలోకి రాలేదు, మాట ముక్కలు ముక్కలుగా వస్తోంది. రక్తం పలచబడే బిళ్ళ మళ్ళీ ఎప్పుడు మొదలుపెట్టాలో తానే చూసి చెప్తానంది డాక్టరు. బీపీ బిళ్ళలు మాత్రం తప్పనిసరి. వాటిని ప్రిసిల్లమ్మే ఇస్తుంది, తలుపులు బార్లా తెరిచి పెట్టి, హాల్లో, అందరి ముందర. మింగాడా లేదా అని నోరు కూడా తెరిపించి చూస్తుంది. "నమ్మ... వా?" అంటాడు. "నమ్మను పో" అంటుంది. ఇద్దరూ నవ్వుకుంటారు.

వేసవి వెళ్ళాక ఒక ఆదివారం, కర్ర పట్టుకుని గుడికొచ్చాడు. సాక్ష్యాల సమయంలో ఎవరూ పిలవకుండానే ఎడమచెయ్యి ఎత్తాడు. దేవకృప లేపి నిలబెట్టింది.

"నేను... బిళ్ళలు... మానలే. రోజూ... వేసుకున్న. మీకు... అబద్ధం... చెప్పిన." ఊపిరి తీసుకుని, "దేవుడు... మంచోడు. నేను... అబద్ధం" అన్నాడు. కూర్చున్నాడు.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ప్రిసిల్లమ్మ వెనక బెంచీలోనే ఉంది. పాత అలవాటు కొద్దీ చేతుల వంక చూసింది. ఏం చెప్పాలి ఆ దృశ్యం! ముందు వరసలో ఒక చెయ్యి హ్యాండ్‌బ్యాగ్ మీదికి పోయింది. మగవాళ్ళ వైపు ఒకాయన చెయ్యి చొక్కా జేబు తడుముకుంది. ఇంకొకరిది కొంగు ముడి మీదికి. ఇంత మంది బిళ్ళలు దాచుకుని తిరుగుతున్నారా! ఆమెకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. పోనీలే, అందరి దగ్గరా టికెట్ ఉంది, అనుకుంది.

ఒక్క డోరమ్మ చేతులే కదల్లేదు. ఒళ్ళో అట్లాగే పడి ఉన్నాయి, ఖాళీగా. పేతురునే చూస్తోంది. ఆరాధన కాకముందే ప్రిసిల్లమ్మ లేచి పోయి ఆమె పక్కన కూర్చుంది.

"డోరాంటీ, నీ బీపీ బిళ్ళలు ఏడున్నయి?"

"ఏం బిళ్ళలమ్మా?" డోరమ్మ కణత నొక్కుకుంది. "మీ తమ్ముని సాక్ష్యం ఇన్ననాడే మానేస్తి గదా. ఆయన లెక్కనే. అదే బల్ల మీద పెట్టిన, నువ్వు చూడలేదా?"

ప్రిసిల్లమ్మ చూడలేదు. ఆ రోజు అందరి వీపులూ చూసింది, బల్ల మీద ఎన్ని సంచులు ఉన్నాయో చూడలేదు.

"లే ఆంటీ" అని చెయ్యి పట్టుకుంది. "ఇప్పుడే. డాక్టర్ దగ్గరికి పోదాం, లే."